ఫోన్ లేనోనికి మూడు చలాన్లు

సూరత్‌ల మా డిండోలి ప్రజల ప్రాణాలకు ఇగ ఢోకా లేదు. పోయిన నెల ఒకటో తారీఖు పొద్దున పదకొండు గంటలకు మా పరుశురాంభాయ్ ఈ సంగతి ప్రకటించిండు. "ఇయ్యాల్టి సంది ఈ వార్డుల బండి నడుపుకుంట ఫోన్ మాట్లాడేటోడు ఒక్కడు గూడ కనపడడు. ఇది నా గ్యారంటీ" అన్నడు.

ఆ ప్రకటన ఫేస్‌బుక్ లైవ్‌ల చేసిండు. లైవ్ చేసేటప్పుడు టాపు లేని జీపును స్వయంగ ఆయననే నడుపుతున్నడు. ఎడమ చేతిల ఫోన్, కుడి చేతిల స్టీరింగ్. జనానికి నమస్కారం పెట్టవలసి వచ్చినప్పుడు మాత్రం రెండు చేతులూ కలిపిండు. అంత మర్యాదస్తుడు. ఆ రెండు సెకండ్లు జీపు తన బుద్ధితోని తను పోయింది. ఒక కూరగాయల బండాయన ఎగిరి మోరీల దుంకిండు, అంతే. ఎవ్వలికీ దెబ్బలు తాకలే. మంచి పని మీద పోయేటోళ్లకు అన్నీ అట్లనే కలిసొస్తయ్.

నా పేరు నరహరి. చౌరస్తకాడ జిరాక్స్, ఆన్‌లైన్ ఫారాల దుకాణం నాది. ఆధార్, పాన్, కరెంటు బిల్లు, ఈ-చలాన్ అన్నీ నా దగ్గర్నే అయితయ్. అందుకని ఈ మహాకార్యాన్ని దగ్గరి నుంచి చూసే భాగ్యం నాకు దొరికింది. ఊర్ల ఉన్న మనోళ్లకు సూరత్‌ల మనకు ఎసొంటి నాయకుడున్నడో తెల్వాలె గదా, అందుకే రాస్తున్న.

పరుశురాంభాయ్ మనోడే. నాయిన సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చి ఈడ సాంచాలు నడిపిండు. పవర్‌లూమ్ అంటె గుజరాతోళ్లకు తెలుస్తది, మనకు సాంచా అంటెనే నోటికి ఇంపు. కొడుకు మాత్రం సాంచాల జోలికి పోలే. ఇరవై ఏండ్లు పార్టీ జెండాలు కట్టిండు, కుర్చీలు మోసిండు, ఈ నడుమనే 'రోడ్డు భద్రత అభియాన్ వార్డు సంయోజక్' అయిండు, అంటె వార్డుల ఈ ప్రచారానికి పెద్దమనిషి. వచ్చే కార్పొరేషన్ ఎలక్షన్ల టికెట్ కోసమే ఇదంత అని గిట్టనోళ్లు అంటరు. వాళ్లకు జవాబుగ ఆయన చౌరస్తల పెద్ద ఫ్లెక్సీ కట్టిచ్చిండు. 'నాకు కుర్చీ మీద ఆశ లేదు' అని దాని మీద మూడు భాషలల్ల రాసి ఉంది. ఫోటోల ఆయన కుర్చీల కూసోని ఉన్నడు.

దాని పక్కన ఇంకో ఫ్లెక్సీ. బండి నడుపుకుంట ఫోన్ మాట్లాడితె మొదటిసారి ఐదు వందలు, రెండోసారి వెయ్యి, ఆ మీద లైసెన్సే గుంజుకుంటరు అని ఎర్ర అక్షరాలతోని రాయించిండు. కింద 'సౌజన్యం: పరుశురాంభాయ్' అని ఉంది. అది చదివి, చట్టం చేసింది గూడ ఆయననే అని మా వాడకట్టుల శానమంది అనుకున్నరు. ఆయన కాదనలే.

అభియాన్ అంటె ఉత్తగ ఫ్లెక్సీలు కాదు. పైనుంచి టార్గెట్ వచ్చింది. బండి మీద ఫోన్ ముట్టం అని వార్డుకు ఐదు వేల మంది డ్రైవర్ల సంకల్పం కావాలె. ఐదు వేల మందిని ఏడ పట్టుకుంటం? దానికి పరుశురాంభాయ్ ఒక ఉపాయం చేసిండు. డ్రైవర్లు బండి మీద ఉన్నప్పుడే ఫోన్ చేసి సంకల్పం చేయించుడు. ఇంట్ల ఉన్నప్పుడు చేస్తె వాళ్లు డ్రైవర్లని ఏం నమ్మకం? ఈ పని సంపత్ అనే కార్యకర్తకు అప్పజెప్పిండు. సంపత్ నా దుకాణం ముంగట స్టూల్ వేసుకోని, పొద్దున లోడ్లు పోయే టైమ్ చూసుకోని, ఫోన్ స్పీకర్ల పెట్టి మొదలు పెడుతడు. నేను చెవులార విన్న ముచ్చట ఒకటి చెప్త.

"హలో, సదానందం బావనా? బండి నడుపుతున్నవా?"

"నడుపుతున్న. బ్రిడ్జి మీద ఉన్న. ఎవలు?"

"అభియాన్ ఆఫీసు నుంచి సంపత్‌ను. బండి నడుపుకుంట ఫోన్ ఎత్తద్దు అని చెప్పేటందుకు చేసిన."

"మరి ఎందుకు చేసినవ్ రా?"

"నువ్వెందుకు ఎత్తినవ్?"

"ఎత్తకపోతె ఇడుస్తున్నవా? పొద్దటి సంది నాలుగుసార్లు చేస్తివి!"

"సరె సరె, పెట్టెయ్యకు. నేను సంకల్పం చదువుత, నా ఎనుక అను. ఆఖర్ల ఒకటి నొక్కాలె. నొక్కకపోతె లెక్కకు రాదు బావా, జర నొక్కు."

సదానందం బావ బ్రిడ్జి మీద ఒకటి నొక్కిండు. ముంగటి ఆటోకు సొట్ట పడ్డది, ఆటోవాలా నోటికొచ్చిన గుజరాతీ అంత ఫోన్ల మాకు మంచిగ వినపడ్డది. అయినా గానీ సంకల్పం నమోదైంది. ఆ రోజు సాయంత్రానికి నాలుగు వందల పన్నెండు సంకల్పాలు, ఆరు సొట్టలు. సొట్టలకు టార్గెట్ లేదు కాబట్టి రిపోర్టుల రాయలే.

ఇంత గొప్ప పని జరుగుతుండంగ మా రాజలింగం మామ ఒక్కడు అభియాన్‌కు అడ్డం పడ్డడు.

రాజలింగం మామకు యాభై ఎనిమిదేండ్లు. ఇరవై ఆరేండ్లు సాంచాలు నడిపి, కూడబెట్టిన పైసలతోని పాత టెంపో ఒకటి కొనుక్కున్నడు. షెడ్డులల్ల నేసిన బట్ట తాన్లు ఎత్తుకోని సలాబత్‌పురా మార్కెట్‌ల దించి వస్తడు. దినాం రెండు ట్రిప్పులు. పదకొండేండ్లల్ల ఒక కుక్కను గూడ గుద్దలే. షెడ్డుల ఒక్కపారే ఎనభై సాంచాలు కొట్టుకుంటయ్, ఆ చప్పుడుల ఇరవై ఆరేండ్లు నిలవడ్డోని చెవులు ఏమైతయో మనోళ్లకు చెప్పవలసిన పని లేదు. సగం డిండోలి మొగోళ్లు ఇంట్ల గూడ ఒర్రుకుంటనే మాట్లాడుతరు. రాజలింగం మామది ఇంకొంచెం ఎక్కువ. ఎవలు మాట్లాడినా కుడి అరచెయ్యి చెవికి ఒంచి పెట్టుకోని వింటడు. బండి నడిపేటప్పుడు గూడ అంతే. చౌరస్త రాంగనే ఎనుక హారన్ వినపడుతదేమో అని చెయ్యి చెవికి పోతది. పాపం, ఎవలకూ దెబ్బ తాకద్దని ఆయన పడే తిప్పలు అవి.

ఆ చౌరస్తలనే కెమెరా ఉంది.

ఇగ ఫోనంటరా, ఆయనకు ఫోనే లేదు. వినపడనోనికి ఫోన్ ఎందుకని ఆయన పెండ్లాం రాజమ్మత్త కొననియ్యలే. టెంపో కాయితాలల్ల మొబైల్ నంబర్ తప్పకుండ రాయాలె అంటె, అప్పట్ల నేనే నా నంబర్ రాసిన. నా దుకాణంల ఫోన్ లేనోళ్లందరికి అట్లనే రాస్త. ఒక్క నా నంబర్ మీద ఈ వార్డుల నలభై బండ్లున్నయ్. అందుకే మామ చలాన్ నా ఫోన్‌కే వచ్చింది. ప్రింట్ తీసి ఇచ్చిన.

మామ ఫోటోను సూర్యునికి పట్టి చూసిండు. "మంచిగొచ్చిందిరా నర్హరి. ఆనాడే బండి కడిగిన" అన్నడు.

"ఫోటో కాదు మామా, చలాన్! ఫోన్ మాట్లాడుకుంట బండి నడిపినవంట!" అని ఒర్రిన.

"ఎవలితోని?"

"ఏమో, అది రాయలే."

"నాకేడిది ఫోన్?"

"కెమెరాకు చెయ్యి కనపడ్డది మామా. చెవికాడ చెయ్యి ఉంటె దాండ్ల ఫోన్ ఉన్నట్టే లెక్క."

కట్టిండు. వారానికి ఇంకోటి వచ్చింది. అది గూడ కట్టిండు. చెయ్యి పెట్టకు మామా అని చెప్పి చూసిన. "చెయ్యి పెట్టకపోతె హారన్ వినపడదు. ఎవడన్న పోరడు వచ్చి చక్రం కింద పడితె? ఆ పాపం నువ్వు మోస్తవా?" అని నన్నే తిట్టిండు. మూడోది చలాన్‌తోని ఆగలే, నోటీస్ వచ్చింది. నీ లైసెన్స్ ఎందుకు గుంజుకోవద్దో పదిహేను దినాలల్ల చెప్పు అని.

రాజమ్మత్త ఆ కాయితం పట్టుకోని నా దుకాణం మెట్ల మీద కూలవడ్డది. "లైసెన్స్ పోతె మా గతేంది బిడ్డా? ఈ వయసుల ఈయనను సాంచాల మీదికి ఎవడు రానిస్తడు? నేను చీరలకు రాళ్లు అంటిస్తె ఆ వచ్చేదానితోని ఇంటి కిరాయి గూడ ఎల్లది" అన్నది.

ఆన్‌లైన్‌ల అభ్యంతరం పెట్టేటందుకు కూసున్న. ఎందుకు అభ్యంతరమో చెప్పేటందుకు నాలుగు కారణాలు ఇచ్చిండ్రు, ఒకటి ఏరుకోవాలె. బండి అమ్మేసిన. బండి దొంగతనమైంది. నంబర్ నాది కాదు. చలాన్ ఇంతకుముందే కట్టిన. 'నా చెయ్యి ఖాళీగ ఉండె' అనేది లేదు. ట్రాఫిక్ సాహెబ్‌కు మామూలు అర్జీ రాసిన. ఈయనకు అసలు మొబైల్ ఫోనే లేదు అని ఎర్ర పెన్నుతోని కింద గీత గూడ గీసిన. మూడు దినాలకు జవాబు వచ్చింది. 'మీ బండి కాయితాలల్ల మొబైల్ నంబర్ ఉన్నది. ఆ నంబర్‌కు మేం పంపిన ప్రతి మెసేజ్ చదివినట్టు తెలిసింది.' చదివింది నేను. ఆ నంబర్ నాదని చెప్దామనుకున్న. కని మిగిలిన ముప్పై తొమ్మిది బండ్ల సంగతి బయటపడితె దుకాణం మూసుకోవాలె. అందుకని ఊకున్న.

ఇగ దిక్కు పరుశురాంభాయ్ ఒక్కడే అనుకోని మామను, అత్తను తోల్కోని ఆయన ఇంటికి పోయిన. ఆయన ఇంట్ల ఫిర్యాదులు వినడు. నాయకుని టైమ్ ప్రజల ఆస్తి, దాన్ని కూసోని ఖర్చు చెయ్యద్దు అంటడు. అందుకే తెల్ల కారు నడుపుకుంట ఫిర్యాదులు వింటడు. మేం ముగ్గురం ఎనుక సీట్ల ఎక్కినం. సంపత్ ముంగట ఆయన పక్కన కూసున్నడు. సంపత్ పనేందంటె, భాయ్ చెవికి ఫోన్ ఆనిచ్చి పట్టుకునుడు.

నేను అట్లనే చూస్తున్నట్టున్న, అద్దంల భాయ్ నవ్విండు. "చూడు నరహరీ. స్టీరింగ్ మీద నా చేతులెన్ని?"

"రెండన్నా."

"నా చేతిల ఫోన్ ఉన్నదా?"

"లేదన్నా."

"చట్టాన్ని గౌరవించుడంటె ఇది. నాయకుడు ఆదర్శంగ ఉండాలె." తర్వాత ఫోన్లకు తిరిగి, "హా బోలో సాహెబ్, కేమ్ ఛో?" అని గుజరాతీల మంచి చెడ్డ అడిగిండు. సంపత్ చెయ్యి వణుకుతున్నది, పాపం పొద్దటి సంది ఎత్తిపట్టిండు. కెమెరా ఉన్న చౌరస్త రాంగనే భాయ్ ఫోన్ల "నమస్తె" అన్నడు, సంపత్ ఆ ఫోన్ దించి రెండో ఫోన్‌తోని భాయ్ ఫోటో తీసిండు. సీట్ బెల్ట్ పెట్టుకున్న ఫోటో. అది అప్పటికప్పుడే గ్రూపుల పడ్డది.

మూడు ఫోన్ల నడుమ దొరికిన సందులల్ల మా బాధ చెప్పుకున్నం. రాజలింగం మామ చెయ్యి చెవికి పెట్టుకోని భాయ్ మొఖం దిక్కే చూస్తున్నడు. అద్దంల అది కనపడ్డది భాయ్‌కు. కారు పక్కకు ఆపిండు. పదేండ్లల్ల ఆయన కారు ఆపి ఆలోచన చేసుడు నేను అదే మొదటిసారి చూసుడు.

"ఈయనకు ఎంత మట్టుకు వినపడుతది?" అని అడిగిండు.

"దగ్గరికొచ్చి ఒర్రితె వినపడుతది బిడ్డా" అన్నది రాజమ్మత్త.

"అంటె చెవుడు! చెవిటోడు ఫోన్ ఎట్ల మాట్లాడుతడు?" అని స్టీరింగ్ మీద గట్టిగ ఒక్కటి చరిచిండు. "అయిపాయె కేసు! ఎవ్వలికీ తట్టలే చూసినవా ఈ పాయింట్? ఐతారం తెలుగు సమాజ్ హాల్ల పెద్ద మీటింగ్ పెడుత. సాహెబ్‌ను పిలుస్త. అందరి ముంగట ఈయన చెవిటోడు అని రుజువు చేస్త. మూడు చలాన్లు ముక్కలు ముక్కలు కావాలె!"

రాజమ్మత్త దండం పెట్టింది. నాకు గూడ, నిజం చెప్తున్న, పానం లేచొచ్చింది. ఎంత బుర్ర! నేను మూడు దినాలు కంప్యూటర్ ముంగట కూసున్నా ఈ ముచ్చట తట్టలే.

ఐతారం హాల్ కిక్కిరిసిపోయింది. ఉధనా నుంచి రైల్వేలోళ్లు వచ్చిండ్రు, కోసాడ్ కాలనీ నుంచి రెండు బస్సుల జనం దిగిండ్రు. స్టేజీ మీద బ్యానర్: 'చెవులకు న్యాయం.' ట్రాఫిక్ సాహెబ్ ముఖ్య అతిథి. ఆయనకు శాలువ కప్పిండ్రు, భాయ్‌కు రెండు కప్పిండ్రు. రాజలింగం మామ ఇస్త్రీ బట్టలు వేసుకోని, లైసెన్స్‌ను ప్లాస్టిక్ కవర్ల పెట్టుకోని స్టేజీ నడుమ కుర్చీల కూసున్నడు. రాజమ్మత్త నా పక్కన నిలవడి ముక్కోటి దేవతలకు మొక్కుతున్నది.

పరుశురాంభాయ్ లైవ్ మొదలు పెట్టిండు. "మిత్రులారా, కొందరు ఉత్త మాటలు చెప్తరు. నేను ప్రాక్టికల్ మనిషిని" అన్నడు. సైగ చెయ్యంగనే మామ ఎనుక సంపత్ స్టీలు పళ్లెం కింద పడేసిండు. హాల్ల శానమంది ఉలిక్కిపడ్డరు. మామ కదలలే.

"చూసిండ్రా!"

తర్వాత టెంపో హారన్ ఒకటి బ్యాటరీతోని సహ తెచ్చి కొట్టిండ్రు. మామ సాహెబ్ దిక్కు చూసుకుంట మర్యాదగ నవ్వుతున్నడు, అంతే. మూడోసారి పెండ్లిళ్లకు పోయే ఢోల్‌వాలాలు ఇద్దరిని తెచ్చి మామ కుర్చీకి జానెడు దూరంల నిలబెట్టిండ్రు. వాళ్లు కొడుతుంటె నా పండ్లు అదిరినయ్, ముంగటి వరుసల ఒక చంటిపిల్ల కెవ్వుమన్నది. అప్పుడు మామ మెల్లగ ఎనుకకు తిరిగిండు. కుర్చీ వణుకుతుంటె తిరిగిండేమో, చప్పుడుకు కాదు. ఢోల్‌వాలాలను చూసి, "అరె, ఎవలిది పెండ్లి?" అన్నడు.

జనం ఒకటే చప్పట్లు. సాహెబ్ కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. లేచి మైకు అందుకున్నడు. ఆయన మాట్లాడింది గుజరాతీల, నేను తెలుగుల చెప్తున్న. "నేను కండ్లార చూసిన. ఈ మనిషి ఫోన్ మాట్లాడలే. మాట్లాడలేడు. మా కెమెరా పొరపడ్డది. మూడు చలాన్లూ రద్దు చేస్తున్న. కట్టిన పైసలు వాపస్ వస్తయ్."

హాల్ పైకప్పు లేచిపోయింది. భాయ్ ఫోన్‌ను పైకెత్తి, "తెలుగోని గెలుపు! డిండోలి గెలుపు!" అని ఒర్రిండు. ఎవలో ఢోల్‌వాలాలకు సైగ చేసిండ్రు, వాళ్లు మల్ల మొదలు పెట్టిండ్రు. కోసాడ్ పోరగాండ్లు స్టేజీ ఎక్కి గంతులేస్తున్నరు.

సాహెబ్ మాత్రం మైకు ఇడవలే. ఆయన మాట ఇంకా ఒడవలే. ఢోల్ నడుమ ముంగట ఉన్న మా అసొంటోళ్లకే వినపడ్డది, రాజమ్మత్త కండ్లు మూసుకోని దేవునికి మొక్కుతనే ఉంది. "ఇంత చప్పుడు వినపడనోనికి రోడ్డు మీద హారన్ ఏం వినపడుతది? సరుకు బండి నడుపుడు ఈయన ప్రాణానికి, జనం ప్రాణాలకు గూడ అపాయం. చెవులు మంచిగున్నయని డాక్టర్ సర్టిఫికెట్ తెచ్చేదాక లైసెన్స్ మా దగ్గర్నే ఉంటది." అని మామ ముంగట చెయ్యి చాపిండు. మామ రెండు చేతులతోని, వంగి, కవర్‌తోని సహ లైసెన్స్ ఇచ్చిండు. సాహెబ్ దాన్ని అంగీ జేబుల పెట్టుకోని, మామ భుజం తట్టి, భోజనాల దిక్కు పోయిండు.

భాయ్ ఒక్క నిమిషం ఫోన్‌ను కిందికి దించిండు. విన్నడు, నాకు తెలుసు. ఆయన చెవులు భేషుగ్గ ఉన్నయ్. వెంటనే మల్ల ఎత్తి లైవ్‌ల చెప్పిండు. "మిత్రులారా, ఇప్పుడే అందిన వార్త. చలాన్లతోని సహ లైసెన్స్ సమస్య గూడ పూర్తిగ పరిష్కారమైంది!" ఆ వీడియోను రెండు వేల మంది చూసిండ్రంట. వారంల టికెట్ గూడ ఖాయమైంది.

రాజలింగం మామ స్టేజీ దిగి జనంల నన్ను ఎతుక్కోని వచ్చిండు. చెయ్యి చెవికి పెట్టుకున్నడు. "ఏమన్నడు బిడ్డా సాహెబ్?"

"చలాన్లు రద్దు చేసిండు మామా!" అని ఒర్రిన.

మామ మొఖం ఎలిగిపోయింది. రాజమ్మత్త చేతులు పట్టుకోని ఏడ్చిండు. ఇద్దరు పోయి పరుశురాంభాయ్ కాళ్లు మొక్కిండ్రు. ఆయన ఎవలితోనో ఫోన్‌ల మాట్లాడుతున్నడు, ఖాళీగ ఉన్న చెయ్యితోని దీవించిండు. ఇద్దరు మల్ల నా దగ్గరికే వచ్చిండ్రు.

"ఇంకా ఏమో అన్నడు గదా?" అని అడిగిండు మామ.

నేను నోరు తెరిచిన. ఢోల్ ఆగింది, హాల్ల ఎవలూ ఒర్రుతలేరు. మామ చెయ్యి చెవికాడనే ఉంది, నా పెదవుల దిక్కే చూస్తున్నడు.

"అన్నం తిని పొమ్మన్నడు మామా" అన్న.

"తింటం తియ్యి. ముద్ర కొట్టేటందుకు సాహెబ్ తీస్కపోయిండు గదా లైసెన్స్, జర జల్ది కానియ్యమను. రేపు పొద్దున ఎనిమిదింటికి లోడున్నది" అని, మామ పళ్లెం తీసుకోని వరుసల నిలవడ్డడు.